ప్రతి గొంతు నొప్పికీ మాత్ర అక్కర్లేదు, కానీ ప్రతి బిడ్డ గొంతూ చూడాలి



వానలు మొదలైన దగ్గర నుంచి సంక్రాంతి దాటే వరకు మా ఓ.పి.లో ఎక్కువగా వినబడే మాట ఒకటే. "సిస్టర్ గారూ, గొంతు నొప్పి. గుటక పడటం లేదు. మంచి సూది ఒకటి వేయించండి." ఇలా అడిగిన వారిలో చాలామంది అప్పటికే మెడికల్ షాపులో రెండు రోజుల మాత్రలు కొని వాడి ఉంటారు. పేరు అడిగితే తెలియదు. "ఎర్ర మాత్ర ఒకటి, తెల్లది ఒకటి, గొట్టం మాత్ర ఒకటి" అంటారు.

గొంతు నొప్పి చిన్న జబ్బే. పది మందిలో ఎనిమిది మందికి ఏ మందూ వేయకపోయినా వారం రోజుల్లో తగ్గిపోతుంది. అయినా దీని విషయంలో మనం రెండు తప్పుడు అలవాట్లు చేసుకున్నామని నా అభిప్రాయం. యాంటీబయాటిక్ అవసరం లేని వారు దాన్ని కొనుక్కుని మింగుతున్నారు. నిజంగా అవసరమైన బిడ్డకేమో రెండు రోజులు వేసి, జ్వరం తగ్గగానే మానేస్తున్నారు. మొదటి అలవాటు వల్ల మందుల బలం పోతోంది. రెండో అలవాటు వల్ల కొందరు పిల్లల గుండె పాడవుతోంది. ఈ రెండూ మన చేతుల్లో ఉన్నవే. అందుకే ఈ సంచికలో దీని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

గొంతు నొప్పి ఎందుకు వస్తుంది?

ఎక్కువ భాగం గొంతు నొప్పులకు కారణం వైరస్‌లు. జలుబు తెచ్చేవి, ఫ్లూ తెచ్చేవి, 2020 నుంచి మనకు తెలిసిన కోవిడ్, ఇవన్నీ వైరస్‌లే. వీటి మీద యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. "కొంచెం ఎక్కువ పవరుది ఇవ్వండి" అన్నా పనిచేయవు. తాళం ఒకటి, తాళం చెవి ఇంకొకటి అయితే ఎంత గట్టిగా తిప్పినా ఏం లాభం?

మిగిలిన కొద్ది భాగానికి కారణం బాక్టీరియా. వాటిలో ముఖ్యమైనది గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్. ఇది ఎక్కువగా 5 నుంచి 15 సంవత్సరాల పిల్లలకు వస్తుంది. గొంతు నొప్పితో వచ్చే పిల్లల్లో సుమారు నాలుగో వంతు మందికి ఇది ఉండవచ్చు. పెద్దవాళ్ళలో పదిమందికి ఒకరికి ఉంటే ఎక్కువ. మూడేళ్ళ లోపు పసిపిల్లల్లో అరుదు.

చల్లటి నీళ్ళు తాగితే, పెరుగు తింటే, ఐస్‌క్రీమ్ తింటే గొంతు నొప్పి వస్తుందని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. వచ్చేది చల్లదనం వల్ల కాదు, క్రిమి వల్ల. అది దగ్గు తుంపర్ల ద్వారా, ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగడం ద్వారా, ఒకే గదిలో చాలామంది పడుకోవడం ద్వారా వ్యాపిస్తుంది. అందుకే హాస్టళ్ళలో, కిక్కిరిసిన ఇళ్ళలో ఒకరికి వస్తే నలుగురికి వస్తుంది. గుటక పడక ఏడ్చే బిడ్డ చల్లటి మజ్జిగ అడిగితే ఇవ్వండి. తల్లులు భయపడనక్కర లేదు.

చూసి ఎలా పోల్చుకోవాలి?

ఏది వైరస్, ఏది స్ట్రెప్ అని ఇంట్లో కచ్చితంగా తేల్చడం కుదరదు. డాక్టర్లకే ఒక్కొక్కసారి కష్టం. అయినా కొన్ని గుర్తులు ఉపయోగపడతాయి.

ముక్కు కారడం, తుమ్ములు, దగ్గు, గొంతు బొంగురు పోవడం, కళ్ళు ఎర్రబడటం, ఇవి ఉంటే సాధారణంగా వైరస్ అనుకోవచ్చు.

ఉన్నట్టుండి జ్వరం రావడం, గుటక వేస్తే విపరీతమైన నొప్పి, దవడ కింద మెడ ముందు భాగంలో బిళ్ళలు కట్టి ముట్టుకుంటే నొప్పెట్టడం, టాన్సిల్స్ ఎర్రగా వాచి వాటి మీద తెల్లటి పొర లేదా మచ్చలు కనబడటం, వీటితోపాటు దగ్గు, జలుబు లేకపోవడం, ఇవన్నీ కలిసి ఉంటే స్ట్రెప్ అని అనుమానించాలి. చిన్న పిల్లలకు దీంతో కడుపు నొప్పి, వాంతులు, తలనొప్పి కూడా రావచ్చు. గొంతు నొప్పి అని చెప్పలేక కడుపు చూపిస్తారు. జ్వరం వచ్చిన ప్రతి బిడ్డ నోరు తెరిపించి టార్చి లైటుతో చూడమని మా నర్సింగ్ విద్యార్థినులకు నేను చెప్పేది ఇందుకే. తల్లులు కూడా చూడవచ్చు. పగటి వెలుతురులో బిడ్డను కూర్చోబెట్టి "ఆ" అనమంటే చాలు, గొంతు వెనక దాకా కనిపిస్తుంది.

అనుమానం ఉంటే గొంతులో దూది పుల్లతో తడి తీసి పరీక్ష చేయవచ్చు. కల్చర్ రిపోర్టుకు ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈ ఆలస్యానికి భయపడవద్దు. స్ట్రెప్ వచ్చిన రోజు నుంచి తొమ్మిది రోజుల లోపల సరైన మందు మొదలుపెట్టినా గుండెను కాపాడవచ్చు. రెండు రోజులు ఆగి రిపోర్టు చూసుకోవడం వల్ల నష్టం లేదు.

ఇక్కడ ఇంకో మాట. చాలామంది ఏ.ఎస్.ఓ. అనే రక్త పరీక్ష కాగితం పట్టుకుని కంగారుగా వస్తారు. ఆ పరీక్ష ఇప్పుడు గొంతులో స్ట్రెప్ ఉందా లేదా అని చెప్పదు. గతంలో ఎప్పుడో ఈ క్రిమి శరీరంలోకి వచ్చి వెళ్ళిందని మాత్రమే చెబుతుంది. మన ప్రాంతంలో బడికి వెళ్ళే పిల్లల్లో చాలామందికి ఆ సంఖ్య కొంచెం ఎక్కువగానే ఉండవచ్చు. కీళ్ళ నొప్పులు, గుండె లక్షణాలు ఏమీ లేకుండా, ఆ సంఖ్య ఒక్కటే చూసి నెలల తరబడి సూదులు వేయించుకోవడం సరికాదు.

గొంతు నుంచి గుండెకు

"గొంతు నొప్పికీ గుండెకీ ఏం సంబంధం సిస్టర్?" అని అడుగుతారు. స్ట్రెప్ క్రిమి వచ్చినప్పుడు దాన్ని చంపడానికి మన శరీరం రక్షణ పదార్థాలు తయారు చేసుకుంటుంది. ఆ క్రిమి మీది కొన్ని పదార్థాలు మన గుండె కవాటాలలోని పదార్థాలను పోలి ఉంటాయి. అందుకని కొందరు పిల్లల్లో ఆ రక్షణ పదార్థాలు పొరపాటు పడి సొంత గుండె మీదనే దాడి చేస్తాయి. గొంతు తగ్గిపోయి, బిడ్డ బడికి వెళ్ళి ఆడుకుంటున్న రెండు మూడు వారాలకు ఈ జబ్బు బయటపడుతుంది. దీనినే రుమాటిక్ జ్వరం అంటారు.

జ్వరంతోపాటు మోకాలు, చీలమండ, మోచేయి వంటి పెద్ద కీళ్ళు వాచి నొప్పెడతాయి. ఒక కీలు తగ్గుతుండగా ఇంకొకటి పట్టుకుంటుంది. ఆయాసం రావచ్చు. కొందరు పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, కొన్ని నెలల తర్వాత చేతులు కాళ్ళు తమ ప్రమేయం లేకుండా కదులుతాయి. చేతిలో గ్లాసు జారిపోతుంది, రాత చెడిపోతుంది, ముఖం వంకర్లు పోతుంది. టీచర్లు "వెక్కిరిస్తోంది" అని కొడతారు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కడతారు. అది అల్లరీ కాదు, గాలీ కాదు. రుమాటిక్ జ్వరంలో ఒక లక్షణం. సండే స్కూల్ టీచర్లు, బడి పంతుళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఎంతో మేలు.

కీళ్ళ నొప్పులు మచ్చ మిగలకుండా తగ్గిపోతాయి. కవాటాల మీద మచ్చ మాత్రం మిగిలిపోవచ్చు. జ్వరం తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ మచ్చ పెరుగుతుంది. కవాటం మూసుకుపోతుంది, లేదా కారుతుంది. చాలామంది ఆడపిల్లల్లో ఈ సంగతి పెళ్ళయి గర్భం వచ్చినప్పుడు తెలుస్తుంది. గర్భిణి శరీరంలో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. సన్నబడిన కవాటం గుండా ఆ రక్తం పోలేక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఏడో నెలలో పడుకోలేక, రాత్రంతా కూర్చుని ఎగపోస్తూ లేబర్ వార్డుకు వచ్చిన అమ్మాయిలను నేను చూశాను. "ఇంతకుముందు ఎప్పుడైనా కీళ్ళ జ్వరం వచ్చిందా అమ్మా?" అని అడిగితే, "ఆరో తరగతిలో మోకాళ్ళు వాచాయి, నాటు మందు వేశారు, తగ్గింది" అంటారు.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. స్ట్రెప్ వచ్చి చికిత్స లేకపోయినా రుమాటిక్ జ్వరం వచ్చేది నూటికి ముగ్గురికి మించి కాదు. కానీ ఆ బిడ్డ ఎవరన్నది ముందుగా ఎవరికీ తెలియదు. అది రాకుండా ఆపే మందు చవకగా, మన ఊళ్ళోనే దొరుకుతుంది. 1950లోనే అమెరికా సైనిక శిబిరంలో చేసిన పరిశోధనలో, స్ట్రెప్ గొంతు నొప్పికి పెన్సిలిన్ ఇస్తే రుమాటిక్ జ్వరం రాకుండా ఆపవచ్చని రుజువైంది. బాగా డబ్బున్న దేశాల్లో ఈ జబ్బు చాలావరకు కనుమరుగైంది. మన దేశంలో ఇంకా ఉంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు మీద ప్రత్యేకంగా తీర్మానం చేయవలసి వచ్చింది. పేదవాళ్ళ పిల్లలకు వచ్చే జబ్బు కాబట్టే దీని గురించి మాట్లాడేవారు తక్కువ అని నా అభిప్రాయం.

స్ట్రెప్ తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో కొందరు పిల్లలకు మూత్రపిండాల వాపు కూడా వస్తుంది. పొద్దున్నే ముఖం ఉబ్బడం, మూత్రం కాఫీ రంగులో రావడం దీని గుర్తులు. వెంటనే చూపించండి.

మెడికల్ షాపు మాత్రలు

పెన్సిలిన్‌ను 1928లో కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్‌కు, మరి ఇద్దరికి కలిపి 1945లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ సందర్భంగా చేసిన ప్రసంగంలో ఆయన ఒక ఊహాజనితమైన కథ చెప్పారు. ఒకాయనకు గొంతు నొప్పి వస్తుంది. తానే పెన్సిలిన్ కొనుక్కుంటాడు. క్రిములు చావడానికి సరిపడా వాడడు. అవి మందును తట్టుకోవడం నేర్చుకునేంత మాత్రం వాడతాడు. తర్వాత ఆ క్రిములు ఆయన భార్యకు సోకుతాయి. ఆమెకు పెన్సిలిన్ పనిచేయదు, ఆమె చనిపోతుంది. మందు కనిపెట్టినాయన 1945లోనే ఇంత చెప్పారు. పైగా ఆయన తీసుకున్న ఉదాహరణ గొంతు నొప్పే. మనం ఇప్పటికీ ఆ కథలో ఒకాయన చేసినట్టే చేస్తున్నాం.

యాంటీబయాటిక్స్ విషయంలో మన తెలుగువారికి గర్వకారణం కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధన విభాగం నుంచే 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో అదే మొదటిది. అంత కష్టపడి సాధించిన మందులను మనం పిప్పరమెంట్లలా వాడుతున్నాం.

ఈ రోజుల్లో గొంతు నొప్పి అనగానే షాపులో చేతిలో పెట్టేది అజిత్రోమైసిన్ మూడు మాత్రలు, లేకపోతే సెఫిక్సిమ్. స్ట్రెప్ క్రిమికి ఇవి మొదట వాడవలసిన మందులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ను మూడు గుంపులుగా విభజించింది. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ మొదట వాడవలసిన గుంపులో ఉన్నాయి. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ జాగ్రత్తగా వాడవలసిన గుంపులో ఉన్నాయి. అజిత్రోమైసిన్‌కు లొంగని స్ట్రెప్ క్రిములు ఇప్పటికే వచ్చాయి. పెన్సిలిన్‌కు మాత్రం ఈ క్రిమి ఎనభై ఏళ్ళ వాడకం తర్వాత కూడా లొంగుతూనే ఉంది. పాత మందు, చవక మందు అని చిన్నచూపు చూడవద్దు. పెన్సిలిన్ పడని వారికే మిగతావి.

మందు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదన్నది చట్టం. సెఫిక్సిమ్ వంటివి 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని అర్థం. 2016 నుంచి ప్రభుత్వం దీని గురించి ప్రచారం చేసింది. ఈసారి అట్ట చేతికి వచ్చినప్పుడు తిప్పి చూడండి.

"మీరు సులభంగా చెబుతారు సిస్టర్. ఆస్పత్రికి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు, ఓ.పి. చీటీ ఖర్చు. షాపు ఇంటి పక్కనే" అని ఒక తల్లి నాతో అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. కాదనను. అయితే లెక్క మొత్తం వేసి చూడండి. జలుబుతో వచ్చిన గొంతు నొప్పికి ఆస్పత్రికీ రానక్కర లేదు, షాపుకీ వెళ్ళనక్కర లేదు. ఆ డబ్బు మిగులుతుంది. జ్వరం, బిళ్ళలు, తెల్ల మచ్చలు ఉండి దగ్గు లేని బిడ్డను మాత్రం ఒక్కసారి తీసుకురండి. పది రోజుల పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ ఖరీదు ఒక రోజు కూలి కంటే ఎక్కువ కాదు. పాడైపోయిన కవాటం మార్చాలంటే లక్షల్లో ఖర్చు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల వల్ల పేదలకు ఆ ఆపరేషన్ అందుతోంది, సంతోషమే. కానీ లోహపు కవాటం పెట్టాక జీవితాంతం రక్తం పలచబడే మాత్ర మింగాలి, తరచు రక్త పరీక్ష చేయించుకోవాలి. ఏ పథకమూ బిడ్డకు పాత గుండెను తిరిగి ఇవ్వలేదు.

సూది మీద మోజు

సూది వేస్తేనే వైద్యం అనే నమ్మకం మనలో చాలా బలంగా ఉంది. ఊళ్ళో గొంతు నొప్పికి వేసే సూదుల్లో చాలాసార్లు నొప్పి మందు, డెక్సా కలిపి ఉంటాయి. డెక్సా స్టెరాయిడ్ మందు. సాయంత్రానికి గొంతు హాయిగా ఉంటుంది. "ఆయన చేతి వాసి మంచిది" అంటారు. నొప్పి తగ్గింది కానీ క్రిమి చావలేదు. తరచు వేయించుకుంటే షుగరు పెరుగుతుంది, శరీరంలో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది.

అసలు ఉపయోగపడే సూది వేరే ఉంది. బెంజాథిన్ పెన్సిలిన్. స్ట్రెప్ గొంతు నొప్పికి ఒక్క మోతాదు చాలు, పది రోజుల మాత్రలతో సమానం. 27 కిలోల లోపు పిల్లలకు 6 లక్షల యూనిట్లు, అంతకంటే ఎక్కువ బరువున్న వారికి 12 లక్షల యూనిట్లు. పాలలా చిక్కగా ఉంటుంది, సన్న సూదిలో దిగదు. కండలోకి లోతుగా, నెమ్మదిగా వేయాలి. పొరపాటున కూడా నరంలోకి పోకూడదు. నొప్పిగానే ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, అక్కరలేని సూదులు అన్నిచోట్లా దొరుకుతున్నాయి, కావలసిన ఈ సూది వేయడానికి మాత్రం చాలాచోట్ల భయపడుతున్నారు. పెన్సిలిన్ పడక ప్రాణాపాయం రావడం చాలా అరుదు, కానీ ఉంది. అందుకే ముందు వివరాలు అడగాలి, అత్యవసర మందులు పక్కన పెట్టుకోవాలి, వేసిన తర్వాత అరగంట కూర్చోబెట్టాలి. ఈ ఏర్పాట్లు ఉన్నచోట భయపడి పంపేయడం సరికాదని నర్సుగా నా అభిప్రాయం. మీరు కూడా ఆ అరగంట విసుక్కోకుండా కూర్చోండి.

మాత్రలైతే పది రోజులు పూర్తిగా వాడాలి. రెండో మూడో రోజుకే జ్వరం తగ్గుతుంది. "తగ్గింది కదా, ఇంకా ఎందుకు" అనిపిస్తుంది. మిగిలిన ఏడు రోజుల మాత్రలు గొంతు కోసం కాదు, గుండె కోసం. గోడ మీద క్యాలెండరులో రోజూ ఒక టిక్కు పెట్టుకోండి. మిగిలిన మాత్రలు దాచి ఇంకో బిడ్డకు వేయకండి. మందు మొదలుపెట్టిన 24 గంటల తర్వాత, జ్వరం లేకపోతే బిడ్డను బడికి పంపవచ్చు.

ఇంట్లో ఏం చేయాలి?

గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీ స్పూను ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలించండి. ఆరేళ్ళ లోపు పిల్లలకు సరిగ్గా పుక్కిలించడం రాదు, వారికి వద్దు. మిరియాల పాలు, పసుపు పాలు, అల్లం తేనె మన పెద్దలు ఇచ్చినవే. గొంతుకు హాయినిస్తాయి, ఇవ్వండి. స్ట్రెప్‌ను చంపుతాయని మాత్రం అనుకోకండి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. అరుదుగానైనా దాని వల్ల ప్రాణాపాయమైన జబ్బు రావచ్చు.

జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ చాలు. పిల్లలకు వయసు చూసి కాదు, బరువు చూసి మోతాదు ఇవ్వాలి. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకు ఒకసారి. సీసా మీద 5 మి.లీ.లో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చూడండి. ఒక్కో సీసాలో ఒక్కో రకంగా ఉంటుంది. అర్థం కాకపోతే సీసా తీసుకుని మా దగ్గరికి రండి, గీత పెట్టి చూపిస్తాం. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందులు నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడవద్దని 2023 డిసెంబరులో మన దేశ ఔషధ నియంత్రణ అధికారి ఆదేశించారు.

లంఖణం పెట్టకండి. గంజి, రాగి జావ, మెత్తటి ఇడ్లీ, మజ్జిగ అన్నం, బిడ్డ ఏది మింగగలిగితే అది కొంచెం కొంచెంగా పెట్టండి. నీళ్ళు ఎక్కువ ఇవ్వండి. బిడ్డ గ్లాసు, కంచం వేరుగా పెట్టండి. బొంగురు పోయిన గొంతుతో పాటల ప్రాక్టీసుకు వెళ్ళే పెద్దలు కూడా రెండు మూడు రోజులు గొంతుకు విశ్రాంతి ఇవ్వండి.

కొండనాలుక జారిందని వేలితో ఉప్పు, మిరియాల పొడి పెట్టి నొక్కడం, సున్నం రాయడం, కత్తిరించడం చేయకండి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఊరికే పుట్టలేదు. నొక్కినప్పుడు పుండు పడి, రక్తం కారి, ఊపిరికి అడ్డం పడిన సందర్భాలు ఉంటాయి.

టాన్సిల్స్ తీసేయమని తొందర పడకండి. ఏడాదిలో ఏడు సార్లు గట్టిగా గొంతు నొప్పి, జ్వరం వచ్చిన పిల్లలకు, నిద్రలో ఊపిరి ఆగుతున్న పిల్లలకు డాక్టరు గారు ఆలోచిస్తారు. టాన్సిల్స్ పెద్దవిగా కనబడటం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు.

ఆలస్యం చేయకూడనివి

ఈ లక్షణాలు ఉంటే పగలైనా రాత్రైనా వెంటనే ఆస్పత్రికి రండి:

ఊపిరి తీసుకుంటే శబ్దం రావడం, ఎగపోత. ఉమ్మి కూడా మింగలేక చొంగ కారడం. నోరు తెరవలేకపోవడం, నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు మాట రావడం. మెడ బిగుసుకుపోవడం. ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోవడం. ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు.

గొంతులో బూడిద రంగు పొర గట్టిగా అంటుకుని, మెడ బాగా ఉబ్బితే అది కంఠసర్పి కావచ్చు. పాత జబ్బు, పోయింది అనుకుంటున్నారు, పోలేదు. హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఈ కేసులు ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాయి. టీకాలు మధ్యలో ఆపేసిన పిల్లలకే ఇది ఎక్కువగా వస్తుంది. 6, 10, 14 వారాల టీకాలు చాలామంది వేయిస్తున్నారు. ఏడాదిన్నర బూస్టరు, 5 ఏళ్ళ బూస్టరు, 10, 16 ఏళ్ళ టి.డి. సూది మరచిపోతున్నారు. ఇంటికి వెళ్ళి కార్డు తీసి చూడండి.

పెద్దవాళ్ళలో మూడు వారాలు దాటిన గొంతు నొప్పి, బొంగురు, మింగడానికి ఇబ్బంది ఉంటే, ముఖ్యంగా చుట్ట, బీడీ, గుట్కా, సారా అలవాటు ఉన్నవారు, మాత్రలతో కాలం గడపకుండా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే అమ్మమ్మలు అంగిట్లో తెల్ల మచ్చ, పుండు ఉంటే దాచుకోవద్దు.

మూడు వారాల సూది మానకండి

ఇప్పటికే రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకు ఒకసారి పెన్సిలిన్ సూది వేస్తారు. జబ్బు తగ్గించడానికి కాదు, మళ్ళీ రాకుండా ఆపడానికి. గుండెకు దెబ్బ తగలని వారికి కూడా కొన్ని సంవత్సరాలు, దెబ్బ తగిలిన వారికి కనీసం 21 ఏళ్ళు వచ్చే వరకు, కొందరికి 40 ఏళ్ళ వరకు. ఎంతకాలమన్నది డాక్టరు గారే చెప్పాలి.

ఈ సూదులు మధ్యలో ఎందుకు మానేస్తారో నాకు తెలుసు. పిల్లవాడు బాగానే ఆడుతున్నాడు, సూది నొప్పి, పరీక్షలు, వలస వెళ్ళడం. ఆడపిల్ల అయితే ఇంకో కారణం కూడా ఉంది, "నెలనెలా సూది వేయిస్తున్నామని తెలిస్తే సంబంధం కుదరదు" అని. దీని మీద నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. సూది దాచి పెళ్ళి చేస్తే, ఆ సంగతి ఏడో నెలలో లేబర్ వార్డులో బయటపడుతుంది. అప్పుడు పోయేది సంబంధం కాదు, మనిషి. ముందే గుండె డాక్టరుకు చూపించి, అవసరమైతే బెలూనుతో కవాటం విప్పించుకుని గర్భం దాల్చిన అమ్మాయిలు క్షేమంగా బిడ్డలను కన్నారు. పెళ్ళివారితో ఈ మాట మాట్లాడటానికి తల్లిదండ్రులకు ధైర్యం చాలకపోతే సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వారు తోడు ఉండాలి. జబ్బు ఆ అమ్మాయి తప్పు కాదు.

వలస వెళ్ళే కుటుంబాలు సూది కార్డు వెంట తీసుకువెళ్ళండి. బెంగుళూరు వెళ్ళినా, చెన్నై వెళ్ళినా ఆ కార్డు చూపిస్తే వేస్తారు. 2013 నుంచి బడి పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమంలో ఈ గుండె జబ్బు కూడా చేర్చి ఉంది. ఆ బృందం బడికి వచ్చిన రోజు బిడ్డను బడి మాన్పించకండి.

ఎవరి పని వారు చేద్దాం

తప్పంతా రోగుల మీద వేయడం నాకు ఇష్టం లేదు. ఓ.పి. రద్దీలో గొంతు చూడకుండానే చీటీ రాసే అలవాటు ఏ ఆస్పత్రిలో ఉన్నా అది మా వృత్తివారి లోపమే. యాంటీబయాటిక్ వద్దని చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది, రాసి పంపడానికి అర నిమిషం చాలు. ఆ అయిదు నిమిషాలు ఇవ్వడం వైద్యంలో భాగమే. మీరు "మందు ఏమీ రాయలేదు, ఈ ఆస్పత్రి బాగాలేదు" అనుకోకండి. గొంతు చూసి, మెడ తడిమి, "ఇది జలుబే, ఉప్పునీళ్ళు చాలు" అని చెప్పిన డాక్టరు మీకు మంచి వైద్యమే చేశారు. "ఇది వైరసా, స్ట్రెప్పా? మాత్రలు ఎన్ని రోజులు? ఎప్పుడు మళ్ళీ రావాలి?" ఈ మూడు ప్రశ్నలు అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు.

గొంతు నొప్పితో బిడ్డ మీ ఒళ్ళోకి వచ్చినప్పుడు, షాపుకు పరుగెత్తే ముందు వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిపించండి. దగ్గు, జలుబు ఉంటే ఉప్పునీళ్ళు, గంజి, ఓపిక. జ్వరం, బిళ్ళలు, తెల్ల మచ్చలు ఉండి దగ్గు లేకపోతే ఆస్పత్రి. మాత్రలు మొదలుపెడితే పది రోజులు.